అమ్మోరు సినిమా, మా తండా, మేము గీసిన ముగ్గు

  

2019 ఫిబ్రవరిలో గ్రూపంతా ఒక్కటే ముచ్చట నడిచింది. ఆ నెల 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్డర్. అటవీ హక్కుల క్లెయిములు తిరస్కరణ అయినవాళ్ళను అడవి భూముల నుంచి ఖాళీ చేయించాలన్నది. పోడు చేసుకునే ప్రతి ఇంట్లో అదే భయం. ఇట్లాంటి వారంలో ఒక సినిమా డైరెక్టర్ గురించి ఇంత పొడుగు పోస్టు ఏంది అని కొందరు తిడతరని మాకు తెలుసు. తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి. ఇది కూడా తిరిగి తిరిగి భూమి కాడికే వస్తది.

ఆ నెల 22న, శుక్రవారం, కోడి రామకృష్ణ గారు గచ్చిబౌలి ఏఐజీ ఆస్పత్రిలో చనిపోయారు. వయసు 69. ఆ సాయంత్రం మేము కోచింగ్ నుంచి వచ్చి ఐ.ఎస్. సదన్ చౌరస్తాలో ఇరానీ హోటల్ కాడ చాయ్ తాగుతున్నం. లోపల టీవీలో స్క్రోలింగ్ వచ్చింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నం. ఎవరం ఏం మాట్లాడలేదు. చాయ్ అట్లనే పెట్టి రూముకు నడిచినం.

మేమంటే ముగ్గురం. సంతోష్‌నగర్‌ల ఒక గల్లీలో రెండో అంతస్తు రూము. ఇద్దరం దేవరకొండ దిక్కు ఒకే తండా వాళ్ళం, ఒకే ఆశ్రమ పాఠశాలలో చదివినం. మూడోవాడు భద్రాచలం దిక్కు కోయ తమ్ముడు. ఈ పోస్టు ముగ్గురం కూర్చొని రాసినం. కాబట్టి ‘మేము’ అని ఉన్నచోట ముగ్గురం అనుకోండి, తండా ముచ్చట వచ్చినచోట ఇద్దరం అనుకోండి.

మెట్ల కాడ ఓనర్ ఖాలా మా మొహాలు చూసి ‘క్యా హువా బేటా, కౌన్ గుజర్ గయే?’ అని అడిగింది. అరుంధతి సినిమా తీసిన ఆయన అన్నం. ‘వో సోనూ సూద్ వాలీ?’ అన్నది టక్కున. టీవీలో హిందీ డబ్బింగ్ చూసిందట. ఆమెకు అందులో అనుష్క కంటే, సోనూ సూద్ కంటే ఎక్కువ గుర్తున్నది షాయాజీ షిండే వేసిన ఫకీరు పాత్ర. మొదట అనుమానంగా కనిపించి, తర్వాత ఆ పిల్లకు ప్రాణాలకు తెగించి సాయం చేసే ఫకీరు. ‘అచ్ఛా ఆద్మీ థా’ అన్నది. ఆమె అన్నది పాత్రనా, తీసినాయననా అని మేము అడగలేదు.

ఆ రాత్రి రూములో పెద్ద పంచాయితీ అయింది. అది ఇక్కడ పెట్టాలనే ఈ పోస్టు.

ముందు మా చిన్నతనం చెప్తం. మాకు సినిమా అంటే టాకీసు కాదు. దేవరకొండ పోయి సినిమా చూసి రావాలంటే మా యాడికి ఒక రోజు కూలి పోయినట్టే. తండాలో పెళ్ళి అయినా, తీజ్ అయినా, బొంబాయి కూలికి పోయినోళ్ళు చేతిల నాలుగు పైసలతో వచ్చినా, టీవీ, వీసీడీ ప్లేయర్ కిరాయికి తెచ్చేటోళ్ళు. రాత్రంతా సినిమాలు. వాకిట్ల గొంగళ్ళు పరిచి, పిల్లలం ముందట, ఆడోళ్ళు నడుమ, బీడీలు తాగేటోళ్ళు ఎనక. ఏ సినిమా తెచ్చినా తేకపోయినా ‘అమ్మోరు’ మాత్రం ఉండాలె. లేకపోతే ఆడోళ్ళు ఊకోరు.

అమ్మోరు 1995 నవంబరులో వచ్చింది. మేము అప్పటికి పుట్టనే లేదు. మేము చూసింది 2004 తర్వాత, అరిగిపోయిన డిస్కుల్లో. ఒక సినిమాకు రెండు డిస్కులు కదా, మా దిక్కు తిరిగే రెండో డిస్కుకు సరిగ్గా క్లైమాక్స్ కాడ గీత పడ్డది. అమ్మోరు విగ్రహంలోంచి లేచే టైముకు బొమ్మ ముక్కలు ముక్కలై ఆగిపోయేది. నవ్వకండి, మా తండాలో సగం మందికి ఆ సినిమా ఆఖరు ఏమైతదో కండ్లతో చూసి తెలియదు. మా దాదీ మిగిలిన కథ లంబాడీలో నోటితో చెప్పేది. ఆమె చెప్పిన ఆఖరు, తర్వాత మేము పట్నం వచ్చి యూట్యూబ్‌ల చూసిన ఆఖరు కంటే బాగుంటది.

చూడని చిన్నోళ్ళ కోసం రెండు మాటల్లో కథ. భవాని, మన సౌందర్య, ఎవరూ లేని పిల్ల. ఊరి అమ్మోరే దిక్కు అనుకొని బతుకుతది. పెద్దింటి డాక్టరు ఆమెను పెళ్ళి చేసుకుంటడు. అతను లేనప్పుడు ఆ ఇంటోళ్ళు ఆమెను చంపాలని చూస్తరు, ఆస్తి కోసం. వాళ్ళకు తోడు గోరఖ్ అనే క్షుద్ర మాంత్రికుడు, రామిరెడ్డి వేసిండు. అప్పుడు అమ్మోరు ఒక చిన్న పనిపిల్ల రూపంలో భవాని ఇంటికి వస్తది. అంట్లు తోముతది, వంట చేస్తది, ఆమెను కాపాడుతది. అసలు రూపంలో రమ్యకృష్ణ.

మా తండా ఆడోళ్ళకు ఆ పనిపిల్ల రావడమే అసలు సినిమా. గ్రాఫిక్స్ తర్వాత. దేవత వచ్చి చీపురు పట్టుకున్నది, చూసిన్రా, అని ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేటోళ్ళు. పొద్దుందాక పత్తి చేన్ల వంగి పనిచేసి వచ్చిన మనుషులు వాళ్ళు. రమ్యకృష్ణ కనబడంగనే మా దాదీ లేచి నిలబడి దండం పెట్టేది. ఒకసారి ఒకామెకు పూనకం కూడా వచ్చింది, టీవీ బంద్ చేయాల్సి వచ్చింది, పిల్లలం ఏడుస్తుంటే.

మన సీత్లా పండుగ తెలిసినోళ్ళకు ఇది ఇంకా బాగా అర్థమైతది. వానలు మొదలైనంక ఊరి బయట ఏడు రాళ్ళు పెట్టి, గుగ్గిళ్ళు చేసి, పశువులను అక్కడ నుంచి తోలుకుపోయి, పిల్లలకు అమ్మ పోయకుండా, గొడ్లకు రోగం రాకుండా మొక్కుతం. తెలుగోళ్ళ అమ్మోరు, మన సీత్లా ఇద్దరూ ఒక్కరే అని మా దాదీ ఆ వీసీడీ చూసి తేల్చేసింది. బడిలో మమ్మల్ని ‘లంబాడోళ్ళు’ అని వేరే పెట్టినోళ్ళ దేవత, మా దేవత ఒకటే అని మాకు మొదట చెప్పింది ఆ సినిమా. ఇది చిన్న విషయం కాదు మాకు.

ఇగ ఆ సినిమా ఒక్కటేనా. 1999లో ‘దేవి’. దేవిశ్రీప్రసాద్ మ్యూజిక్ డైరెక్టరుగా మొదటి సినిమా అదే. 2000లో ‘దేవుళ్ళు’, విడిపోయిన అమ్మానాన్నను కలపమని ఇద్దరు పిల్లలు దేవుళ్ళ కోసం తిరిగే సినిమా. మా తండాలో సగం మంది పిల్లల అమ్మానాన్నలు ఎనిమిది నెలలు వలసలోనే ఉంటరు, కాబట్టి ఆ సినిమాకు మేము ఎందుకు ఏడ్చేదో వేరే చెప్పనవసరం లేదు. 2004 సంక్రాంతికి చిరంజీవి ‘అంజి’. 2009 సంక్రాంతికి ‘అరుంధతి’. అరుంధతి వచ్చినంక మా హాస్టల్ల రెండు నెలలు రాత్రిపూట ఎవడూ ఒక్కడే దొడ్డికి పోలేదు. ఆరుగురు కలిసి బకెట్ పట్టుకొని పోయేది. సీనియర్లు గోడ ఎనక దాక్కొని పశుపతి గొంతు చేసేటోళ్ళు. ఆ గొంతు డబ్బింగ్ చెప్పిన రవిశంకర్‌కు ఆంధ్ర, తెలంగాణ హాస్టళ్ళ పిల్లలందరి తరఫున ఒక దండం, ఒక శాపం.

ఆయన గురించి పేపర్లలో వచ్చింది మీరు చదివే ఉంటరు. పాలకొల్లులో పుట్టిండు, దాసరి గారి దగ్గర పని నేర్చుకున్నడు, 1982లో చిరంజీవితో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ తీసి డైరెక్టర్ అయిండు. మంగమ్మగారి మనవడు, అంకుశం, వందకు పైగా సినిమాలు. నుదుటికి తెల్ల గుడ్డ, వేళ్ళకు ఉంగరాలు. పేపర్లు మర్యాదగానే రాసినయి. కానీ మా క్లాసులో పట్నం పిల్లలు, సినిమాలు బాగా తెలుసు అనుకునేటోళ్ళు, ఏమన్నరో తెలుసా? ‘పాపం, కానీ అవన్నీ బి, సి సెంటర్ సినిమాలు కదా’ అని.

బి, సి సెంటర్ అంటే ఎవరనుకున్నరు? మా యాడి. మా దాదీ. గొంగళి మీద కూర్చున్న మేము. సినిమా గొప్పతనం కొలిచే బద్ద వాళ్ళ చేతిల ఉన్నది, సరే. కానీ ఒకటి అడుగుతం. పోస్టరు మీద పెద్ద హీరో బొమ్మ లేకుండా, ఒక ఆడమనిషి కోపం మీద మొత్తం సినిమా నిలబెట్టి, దాన్ని ఊరూరా ఆడించినోళ్ళు తెలుగులో ఎంతమంది ఉన్నరు? అమ్మోరు అట్లాంటిదే, దేవి అట్లాంటిదే, అరుంధతి అట్లాంటిదే. అరుంధతిలో జేజమ్మ తన ప్రాణం ఇచ్చి తన ఎముకలనే ఆయుధం చేస్తది. మాతోపాటు చూసిన ఆడపిల్లలు హాస్టల్ల కర్ర పట్టుకొని జేజమ్మ ఆట ఆడేటోళ్ళు. మగపిల్లలం మేము పశుపతి వేషం వేసి దెబ్బలు తినాలె. ఆ ఆట నేర్పిన ఇంకో సినిమా మాకు తెలియదు.

ఇది ఒక వైపు. రూములో పంచాయితీ ఇక్కడ మొదలైంది.

మా కోయ తమ్ముడు చాలాసేపు విని ఒక్క మాట అన్నడు. ‘మీరు ఏడుస్తున్నరు బాగానే ఉంది అన్నా. కానీ ఆ సినిమాలు వచ్చినంకనే మన దేవతలందరికీ ఒకటే మొహం వచ్చింది.’

వాడు చెప్పింది నిజం. మేడారంలో సమ్మక్కకు విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి పూజారులు తెచ్చేది కుంకుమ భరిణె. గద్దె మీద వెదురు, పసుపు, కుంకుమ, బంగారం అనే బెల్లం. ఇన్ని లక్షల మంది మొక్కే తల్లికి మొహం లేదు, అదే ఆమె గొప్పతనం అంటడు వాడు. కానీ ఇప్పుడు జాతరలో అమ్మే ఫొటోలు చూడండి. సమ్మక్క తెల్లగా, పట్టుచీర, కిరీటం, పులి మీద. మా తండాలో సీత్లా కూడా అంతే. ఏడు రాళ్ళ ఎనక నాలుగేళ్ళ కింద సిమెంటు విగ్రహం కట్టిన్రు, చందాలు వేసుకొని. మేస్త్రీ ఏ ఫొటో చూసి చేసిండో మాకు తెలుసు. మా దాదీ ఆ విగ్రహానికి మొక్కదు. రాళ్ళకే మొక్కుతది. అమ్మోరు సినిమాకు లేచి నిలబడ్డ మనిషే!

ఈ పాపం అంతా ఒక డైరెక్టరు మీద వేయడం తప్పు. ఆయన కంటే ముందు క్యాలెండర్లున్నయి, ఆయన తర్వాత ఫ్లెక్సీలు వచ్చినయి. కానీ ఆయన బొమ్మ మిగతా అన్నింటికంటే గట్టిది, ఎందుకంటే అది కదిలింది, మాట్లాడింది, మా వాకిట్లకు వచ్చింది. మన పిల్లలెవరన్నా కెమెరా పట్టుకుంటే, మొహం లేని తల్లిని ఎట్ల చూపిస్తరో చూడాలని మాకు ఆశ. మన వాళ్ళను ఆకులు కట్టి, నల్ల రంగు పూసి, గుండ్రంగా ఎగిరించే సినిమాలు చూసి చూసి యాష్ట వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. ఇది రాయాలా వద్దా అని మేమిద్దరం రెండు రాత్రులు కొట్లాడుకున్నం. కోయ తమ్ముడికి కూడా ఇది శుక్రవారం దాకా తెలియదు.

మా తండా చివర ఒక అవ్వ ఉండె. భర్త చనిపోయిండు. కొడుకులు లేరు. ఒక్క బిడ్డ పెళ్ళయి పట్నం పోయింది. రెండెకరాల చెల్క. ఆమెకు ఆకు పసర్లు తెలుసు, పిల్లలకు దిష్టి తీసేది, మాకు కూడా తీసింది. అమ్మోరు సినిమా పెట్టిన ప్రతిసారి వచ్చి గోడకు ఆనుకొని కూర్చునేది.

మేము నాలుగో తరగతిలో ఉన్నప్పుడు సెలవులకు ఇంటికొచ్చి పిల్లలందరం ‘గోరఖ్ ఆట’ ఆడేది. ఒకడు గోరఖ్. మట్టిల ముగ్గు గీసి, నడుమ కుంకుమ, నిమ్మకాయలు, పుర్రెకు బదులు కొబ్బరి చిప్ప. నోటికొచ్చిన మంత్రం. తర్వాత అమ్మోరు వచ్చి వాడిని పొడవాలె. ఒకనాడు అవ్వ ఇంటి ఎనక గోడ కాడ నీడ ఉందని అక్కడ ఆడినం. ఎవరో పిలిస్తే అన్నీ అక్కడే పెట్టి ఉరికినం.

ఆ వారమే ఆమె పక్కింటి పిల్లగాడు జ్వరంతో చనిపోయిండు. వానాకాలం, తండాలో ఇంటికొకరు జ్వరంతో పడున్నరు. ఆస్పత్రికి తీసుకుపోయేసరికే ఆలస్యమైంది. అట్లాంటి చావుకు కారణం డాక్టరు చెప్తడు. కానీ తండాకు ఆ డాక్టరు రాలేదు. రెండు రోజులకు ఎవరో ఆ ముగ్గు, నిమ్మకాయలు చూసిన్రు.

డాకణ్ అనే మాట మన దగ్గర సినిమాలు రాకముందు నుంచీ ఉన్నది. తాతల కాలం నుంచీ ఉన్నది. ఆ మాటను కోడి రామకృష్ణ గారు పుట్టించలేదు. కానీ నిమ్మకాయ ఎక్కడ పెట్టాలె, ముగ్గు ఎట్ల గీయాలె, మధ్యల కుంకుమ ఎంత పోయాలె, ఇదంతా మాకు నేర్పింది ఆ సినిమా. పెద్దోళ్ళు దాన్ని చూడంగనే గుర్తుపట్టింది కూడా ఆ సినిమా చూసే. పిల్లలాట సాక్ష్యం అయింది.

పెద్దమనుషులు కూర్చున్నరు. దండుగ వేసిన్రు. అవ్వ మేకలు అమ్మి కట్టింది. ఎవరూ ఆమె ఇంటికి పోలేదు, నీళ్ళ కాడ ఆమె బిందె ముట్టలేదు. పిల్లలం ఆమె పోతుంటే ‘గోరఖ్, గోరఖ్’ అని అరిచి రాళ్ళు వేసినం. మేము కూడా వేసినం. ముగ్గు గీసింది మేమే అని మాకు తెలుసు, తెలిసీ వేసినం. చెప్తే కొడతరని భయం. ఏడాది తిరగకముందే ఆమె బిడ్డ దగ్గరికి పట్నం పోయింది. చెల్క ఆమె మరిది కొడుకులు దున్నుకుంటున్నరు. ఆ రోజు పంచాయితీలో అందరికంటే గట్టిగా అరిచింది వాళ్ళే అని మేము పెద్దయినంక లెక్క కలుపుకుంటే అర్థమైంది.

ఇక్కడ ఆ సినిమా గురించి ఒక మాట చెప్పాలె. చాలామంది ‘మూఢనమ్మకాల సినిమాలు’ అని ఒక్క మాటతో కొట్టేస్తరు. మేము మొన్న రాత్రి మళ్ళీ మొత్తం చూసినం. ఆ సినిమాలో క్షుద్రపూజ చేసేది దిక్కులేని ఆడమనిషి కాదు. చేసేది మగోడు, వాడికి అండ పెద్దిల్లు, కారణం ఆస్తి. దిక్కులేని ఆడమనిషి వైపు దేవత నిలబడుతది. సినిమా చెప్పింది అది. మా తండా ఆ సినిమాను యాభైసార్లు చూసి, తలకిందులుగా అర్థం చేసుకున్నది. ఆస్తి మీద కన్నున్నోళ్ళు న్యాయం చెప్పిన్రు, ఒంటరి ఆడమనిషి గోరఖ్ అయింది.

అట్లని సినిమాకు మొత్తం మాఫీ ఇవ్వం. మంత్రం ఉత్తదే అని ఆ సినిమా ఒక్క సీన్లో కూడా చెప్పదు. గోరఖ్ మంత్రం వేస్తే నిజంగానే పని చేస్తది. చెడు మంత్రాన్ని మంచి మంత్రం గెలుస్తది, అంతే. అరుంధతి కూడా అంతే. మంత్రం పని చేస్తదని ఒప్పుకున్నంక, చేసినోడు ఎవడో వెతకడమే మిగులుతది. వెతికేటప్పుడు చెయ్యి ఎప్పుడూ బలహీనమైన వాళ్ళ మీదనే పడుతది. పక్క మహారాష్ట్రలో దభోల్కర్ గారు ఇదే మాట చెప్పుకుంట తిరిగిండు. 2013 ఆగస్టులో పూణెలో ఆయన్ను కాల్చి చంపిన్రు, ఆయన ఏండ్ల తరబడి అడిగిన చట్టం ఆయన పోయినంక వచ్చింది.

కాబట్టి మా దుఃఖం ఇట్లాంటిది. ఆయన పోయిండంటే మా చిన్నతనం పోయినట్టే ఏడ్చినం, అది అబద్ధం కాదు. ఆయన ఇచ్చిన దాంట్ల మంచి తీసుకొని చెడు ఆయన పాడె మీద పెట్టి పంపడం కూడా మాకు చేతకాదు. ముగ్గు గీసిన చేతులు మావి.

ఇప్పుడు అసలు సిగ్గుపడే మాట. ఆ అవ్వ ఎక్కడున్నదో మాకు రెండేళ్ళ నుంచి తెలుసు. సింగరేణి కాలనీ గుడిసెల్లో, బిడ్డ దగ్గర. మా రూము నుంచి నడిచి పోయే దూరం. అక్కడ మన తండాలోళ్ళు ఎంతమంది ఉన్నరో మీకు తెలుసు, అడ్డా కూలి, ఆటోలు, ఇండ్లల్ల పని. మేము ఆ దారి తప్పించి తిరిగినం రెండేళ్ళు. ఆ ఆదివారం ముగ్గురం పోయినం.

ఆమె గుర్తుపట్టింది. మా బాపుల పేర్లు చెప్పి, వాళ్ళ కొడుకులు కదా అన్నది. కండ్లు సరిగ్గా కనబడటం లేదు, గొంతు పట్టి గుర్తుపట్టింది. చాయ్ పెట్టమని బిడ్డకు చెప్పింది. ఎట్ల మొదలుపెట్టాలో తెలియక, అమ్మోరు సినిమా తీసిన ఆయన చనిపోయిండు దాదీ, అన్నం.

‘అయ్యో. మంచి సినిమా’ అన్నది. అంతే.

తర్వాత చెప్పినం. ముగ్గు మేమే గీసినం అని. ఇద్దరం తల దించుకొని చెప్పినం, కోయ తమ్ముడు మా ఎనక కూర్చున్నడు.

ఆమె అన్నది లంబాడీలో, మేము తెలుగులో రాస్తున్నం. ‘నాకు ఆ రోజే తెలుసు. ముగ్గు వంకర టింకర ఉండె, కొబ్బరి చిప్ప ఉండె. మంత్రగాడు కొబ్బరి చిప్ప పెడతడా? పిల్లల ఆట అని నేను చెప్తే నా మాట ఎవరు వింటరు. ఇంటే మీ వీపులు పగిలేవి.’

మేము ఏం మాట్లాడలేకపోయినం. కాసేపటికి ఆమే అన్నది. ‘దండుగ కట్టినంక ఇంట్ల ఒక్కదాన్నే ఉన్నప్పుడు, ఆ సినిమాల లెక్క నా ఇంటికి కూడా చిన్నపిల్ల వస్తదేమో అని చూసేదాన్ని. సాయంత్రం కాంగనే తలుపు తీసి పెట్టేది. భవానికి వచ్చింది కదా.’

మేమందరం ఆమెను గోరఖ్ అని అరుస్తున్న రోజుల్లో ఆమె తనను భవాని అనుకున్నది.

క్షమించిన అని ఆమె అనలేదు. మేము అడగలేదు. అడిగే మొహం లేదు. పని ఏమన్నా ఉంటే చెప్పు దాదీ అన్నం. అప్పుడు బిడ్డ కాగితాలు తీసింది. గ్రూపులో పోస్టు పెట్టడానికి ఇంకో కారణం ఇదే, దయచేసి జాగ్రత్తగా చదవండి.

ఆమెకు తండా అడ్రసు మీద ఆసరా పింఛను ఉండె, నెలకు వెయ్యి రూపాయలు. వేలిముద్ర వేయడానికి ఊరికి పోవాలె. అక్కడికి పోయే ధైర్యం లేదు, పోతే దిగడానికి ఇల్లు లేదు. కొన్ని నెలలు తీసుకోకపోతే పేరు తీసేసిన్రు అని ఎవరో చెప్పిన్రట. దాన్ని హైదరాబాదుకు మార్పించుకోవాలంటే ఎక్కడ అప్లై చేయాలె, ముందు ఆధార్ అడ్రసు మార్చాలా, మళ్ళీ కొత్తగా పెట్టుకోవాలా? ఈ పని చేయించిన అనుభవం ఉన్నోళ్ళు కామెంట్ల రాయండి లేదా మెసేజ్ పెట్టండి.

రెండోది చెల్క. పాత పాస్ పుస్తకం భర్త పేరు మీద ఉన్నది, దాని జిరాక్సు ఆమె దగ్గర ఉన్నది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి నాలుగు వేలు ఎవరు తీసుకున్నరో ఆమెకు తెలియదు. భూ రికార్డుల ప్రక్షాళనలో పేరు ఎవరి మీదకు మారిందో చూడాలె. లా చదివే అక్కలు, అన్నలు గ్రూపులో ఉన్నరు కదా, ఒకరు మాతో దేవరకొండ వస్తే చాలు, బస్సు చార్జీలు మేం పెట్టుకుంటం. మన తండా 2019 జనవరిలోనే మొదటిసారి సొంత సర్పంచును ఎన్నుకున్నది. ఆ సర్పంచుతో కూడా మాట్లాడతం. మరిది కొడుకులు మాకు వరుసకు అన్నలైతరు, ఇంట్ల గొడవ అయితదని తెలుసు. ఆ కోర్టు ఆర్డరుతో పోతదనుకున్న భూమి గురించి మనం ధర్నా చేసినం, చేయాల్సిందే. మన నోటితో మనమే గుంజుకున్న రెండెకరాలు కూడా ఆ లెక్కలోనే రాయండి.

వచ్చే ముందు ఫోన్ల అమ్మోరు పెట్టమంటవా దాదీ అని అడిగినం. గీత లేని ప్రింటు ఉన్నది, ఆఖరుదాకా చూడొచ్చు, అమ్మోరు గోరఖ్‌ను చంపేది మొత్తం ఉన్నది అని చెప్పినం. ఆమె ఫోను మొహం దగ్గరికి పెట్టుకొని అన్నది, ‘అది వద్దు. ఆ పిల్ల ఇంటికి వచ్చే కాడ పెట్టు.’

నెట్ నిదానంగా ఉండె. తిరుగుతా ఉన్నది. ముగ్గురం ఫోను పట్టుకొని కూర్చున్నం.